చప్పుడు చేయని పొడి

లింగమూర్తి గాయాన్ని మొదటిసారి చూసినప్పుడు జయంతి జాలిపడలేదు. జేబులోంచి స్టీలు టేపు తీసి కొలిచింది. కుడి డొక్కలో, నాలుగంగుళాల పొడవు, ముప్పావంగుళం లోతు. ఆమె ఉద్యోగం అలాంటిది. రాయదుర్గం మెట్రో స్టేషను అవతల లేవబోయే నలభై అంతస్తుల టవరుకు పునాది గొయ్యి తవ్వించే ఇంజినీరు. పగులు కనిపిస్తే ముందు కొలుస్తుంది, తర్వాత మాట్లాడుతుంది. ఆమెను మేడం అని పిలవడం మొదలుపెట్టిన మేస్త్రీలు నెల తిరక్కుండానే సార్ అనేవారు. మొగుడికి విడాకుల కాగితాలు కూడా పేజీ నంబర్లు వేసి, ట్యాగు కట్టి ఇచ్చిందని వాళ్ళమ్మ రత్నమాల గారు సగం గర్వంగా, సగం దిగులుగా చెప్పుకుంటుంది.

లింగమూర్తి ఆ సైటు గేటు దగ్గర సెక్యూరిటీ. గొయ్యిలో బ్లాస్టింగ్ జరిగిన ప్రతిసారీ అతని చొక్కా కుడివైపు ఎర్రబడేది. అందరూ షుగర్ అనుకున్నారు. హైదరాబాదులో మానని గాయానికి అంతకుమించిన కారణం ఎవరూ వెతకరు.

"ఎన్నాళ్ళుగా ఉంది ఇది?"

"చెప్తే నమ్మరు మేడం."

"రోజూ కాంట్రాక్టర్లు చెప్పేవి వింటున్నాను. మీరూ చెప్పండి."

అతను గొయ్యి మధ్యలో మిగిలిన గుండును చూపించాడు. రెండు లారీలంత రాయి. దాని నడుం మీద పాత ఉలి గాటు.

"కోట గోడకు రాయి కావాలని నన్ను తోలిండ్రు. గుండు కింద అమ్మోరున్నది, కొట్టొద్దని ఊరంత మొత్తుకున్నది. నేను ఇన్లే. దెబ్బ గుండుకేసిన, తెగింది నా డొక్క. 'ఇది ఉన్నన్నాళ్ళు నువ్వుంటవు, గీ నొప్పితోనే ఉంటవు' అని లోపల్నుంచి ఇనబడ్డది. నాలుగు వందల ఏండ్లయింది."

జయంతి గొయ్యిలోకి దిగి గాటు కొలిచింది. నాలుగంగుళాలు, ముప్పావంగుళం లోతు. పైకొచ్చి చేతులు దులుపుకుంది.

"ఆధార్‌లో వయసెంత వేయించారు?"

"ముప్పై ఎనిమిది."

"ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో అందరూ అనుభవం పెంచి రాసుకునేవాళ్ళే. తగ్గించుకున్నవాడు మీరొక్కరే."

అతను నవ్వాడు. నవ్వితే గాయం లాగుతుంది. లాగినా నవ్వాడు. అదే కొంప ముంచింది.

ఆ తర్వాత రోజూ టిఫిను వేళకు గేటు పక్క గదిలో ఆమె కట్టు మార్చేది. ఎన్ని నెలలైనా ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. నాలుగు వందల ఏళ్ళు పెద్దవాణ్ణి నువ్వు అనడానికి పెంపకం ఒప్పుకోలేదు. అతను మాత్రం మేడం నుంచి జయంతికి తొందరగానే వచ్చాడు.

"ఈ గాయం చూసి ఏడ్చినోళ్ళున్నరు, దండం పెట్టినోళ్ళున్నరు. కొలిచింది నువ్వొక్కదానివే," అన్నాడొకసారి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ప్లాస్టరు తిన్నగా అంటించలేకపోయింది.

అతను కోరింది ఒక్కటే. "గుండు వంతొచ్చినప్పుడు పేలుడు మందు దండిగ పెట్టించు. ఒక్క దెబ్బకు పోవాలె. నాలుగు వందల ఏండ్లు చాలు. మాటియ్యి."

ఆమె ప్లాస్టరు కత్తిరిస్తూ, తలెత్తకుండా, సరేనంది.

అప్పటికే వేరే నిర్ణయం తీసేసుకుంది.

సైటు పక్క అపార్ట్‌మెంట్లలో ఎనిమిదో అంతస్తులో ఆమె, వాళ్ళమ్మ అద్దెకుంటారు. అసోసియేషను అధ్యక్షులు చలపతిరావు గారు విద్యుత్ శాఖలో రిటైరయ్యారు. ఫిర్యాదులు అందుకుని అందుకుని అలిసిన మనిషి, ఇప్పుడు ఇవ్వడానికి తహతహలాడుతుంటారు. లిఫ్టు దగ్గర గోడను చూపించి జయంతి అమాయకంగా అడిగింది.

"ఈ చీలిక పోయిన నెల లేదు కదండీ?"

ఆ చీలిక బిల్డింగు పుట్టినప్పటినుంచీ ఉంది. చలపతిరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అదేనమ్మా నేనూ అనుకుంటున్నా! బ్లాస్టింగే!" వారంలో పదకొండు పేజీల ఫిర్యాదు తయారైంది. అందులో మూడో పేజీ, బండలు పగలగొట్టే బ్రేకరు మిషన్లు సైతం వాడరాదన్నది, జయంతి దగ్గరుండి చెప్పి రాయించింది. మున్సిపాలిటీ నోటీసుతో బ్లాస్టింగూ, బ్రేకరూ రెండూ ఆగిపోయాయి.

"ఎవరు చేసిండ్రు గిట్ల?" అన్నాడు లింగమూర్తి.

"నేనే."

"నన్ను అడిగినవా?"

"అడిగితే వద్దంటారు."

"నాకోసం చేసినవా, నీకోసమా?"

"నాకోసమే," అంది జయంతి. అబద్ధం చెప్పడం ఒకసారికి చాలనుకుంది. "ఒక నలభై ఏళ్ళు ఓపిక పట్టండి. నేను పోయాక మీ ఇష్టం."

"నలభై ఏండ్లు! నలభై నిమిషాలన్నట్టు అల్కగ చెప్తున్నవ్. నెత్తురు నాది కదా."

ఆమె కట్టు మార్చింది. అతను ఆ రోజు ఆమె మొహం చూడలేదు. ఆమెకు మాత్రం నాలుగు రోజులు అన్నం భలే రుచించింది.

అయిదో రోజు ప్రాజెక్టు మేనేజరు అవినాష్ మీటింగు పెట్టాడు.

"బ్లాస్టింగ్ లేకపోతే పోయింది. పొడి తెప్పిస్తున్నా. గుండుకి రంధ్రాలు వేసి, పొడి నీళ్ళలో కలిపి పోస్తాం. లోపల మెల్లగా ఉబ్బుతుంది. ఇరవై గంటల్లో బండ దానంతటదే చీలిపోతుంది. చీమక్కూడా వినపడదు."

"ఆ గుండు ఉంచేద్దాం సార్. లాబీ ముందు అందంగా ఉంటుంది."

"కార్ల ర్యాంపు అక్కడే వస్తుంది జయంతీ. కార్లు ఎగరలేవుగా?"

అందరూ నవ్వారు. జయంతి వెళ్ళి లింగమూర్తికి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను డొక్క మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇరవై గంటలా," అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంది ఆమె.

ఉద్యోగం మానేయొచ్చు. మానేస్తే ఇంకెవడో వచ్చి రంధ్రాలు దూరం దూరంగా పెడతాడు, ఇరవై గంటలు ముప్పై అవుతాయి. అందుకని ఎర్ర పెయింటుతో గుర్తులు ఆమే పెట్టింది. ముప్పై రెండు. మర్నాడు పొద్దుటినుంచి డ్రిల్లింగు. గొయ్యి అంచున ప్లాస్టిక్ కుర్చీలో లింగమూర్తి కూర్చున్నాడు. మూడో రంధ్రం దాకా అరిచాడు. నాలుగో దానికి మానేశాడు. అరవడానికి ఊపిరి కావాలి. డ్రిల్లు మోతలో అతని అరుపు ఎవరికీ వినపడలేదు. డ్రిల్లు మోత అసోసియేషను ఒప్పుకున్న హద్దులోనే ఉంది.

ఆ మర్నాడు ఉదయం ఏడింటికి పొడి పోశారు. మధ్యాహ్నం మూడింటికి ఉలి గాటు నుంచి వెంట్రుకంత బీట బయల్దేరింది. లింగమూర్తి చొక్కా ఇప్పుడు రెండువైపులా ఎర్రగా ఉంది. అతని వేళ్ళు కుర్చీ చేతులను విరిచేసి ఉన్నాయి.

"ఇంకెంత?"

"పన్నెండు గంటలు." ఆమె కొలిచే చెప్పింది.

"నాకు మాటిచ్చినవు, జయంతీ."

చెక్కుచెదరని గుండు మీద బ్రేకరుతో రెండు రోజులు కొట్టినా పెచ్చులే లేస్తాయి. బీట పడ్డాక నిమిషాల పని. బ్రేకరు అక్కడే ఉంది, వాడకూడదంతే. మూడో పేజీ.

జయంతి అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. చెమట, దుమ్ము. "తప్పు చేశాను," అంది.

"ఎరుకే. జర జల్ది కానీ."

ఆమె గొయ్యిలోకి దిగి, బ్రేకరు మీద ఖాళీగా కూర్చున్న ఆపరేటరు రమేష్ ముందు నిలబడింది. "గుండు కొట్టు."

"అవినాష్ సార్ చెప్పిండా మేడం? నా నౌకరి పోతది!"

"దిగు అయితే."

రమేష్ దిగాడు. ఆ గొంతు విన్నవాళ్ళు ఎవరైనా దిగుతారు. ఆమె ఎక్కి, బ్రేకరు ముక్కును ఉలి గాటు మీద సరిగ్గా ఆనించింది. ఒక్కసారి పైకి చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. తల ఊపాడు, అది నవ్వే అయ్యుండాలి.

మూడు నిమిషాలు పట్టింది. ఒక్క దెబ్బకు కాలేదు. ఆ మూడు నిమిషాలూ ఆమె చెయ్యి తియ్యలేదు, కళ్ళు గుండు మీదనుంచి ఎత్తలేదు. గుండు రెండుగా పడ్డాక ఇంజను ఆపి పైకొచ్చింది. కుర్చీలో యూనిఫారం ఉంది. అందులోంచి బూడిదరంగు రాతిపొడి కారుతోంది. సైట్లో దుమ్ము లేవకూడదని రూలు. ఆమె అక్కడికి చేరేలోపే క్లీనింగువాళ్ళు నీళ్ళు చల్లి ఊడ్చేశారు.

ఫోను మోగింది. అపార్ట్‌మెంటు గ్రూపులో చలపతిరావు గారి మెసేజి: 'ఇప్పుడే మూడు నిమిషాలు భయంకరమైన చప్పుడు. బి బ్లాకులో పాపకి ఆన్‌లైన్ పరీక్ష. నిషేధం ఉన్నా ఇంత క్రూరంగా ప్రవర్తించినది ఎవరు?'

కింద నలభై మంది కోపపు మొహాల బొమ్మలు పెట్టారు.

జయంతి యూనిఫారం మడతలు తడిమి, తడి నేల మీద కూర్చుంది. వేలికి అంటిన పొడి తుడుచుకోకుండానే, దాని మీదనుంచే టైపు చేసింది: 'నేనే. ఎనిమిదో అంతస్తు, జయంతి.'