మిరపకాయకు పంచుక

బంగారమ్మకు తన సొంత ఇంట్లో చేపలకు తిండి వేసే హక్కు పోయి అప్పటికి నాలుగు నెలలయింది. వానాకాలంలో గాజు తొట్టిలో రెండు గోల్డ్ ఫిష్‌లుండేవి. మనవరాలు అమూల్య బడికి వెళ్ళిన వేళ అవి నోళ్ళు తెరిచి మూస్తుంటే, ఆకలి కాబోసనుకుని బంగారమ్మ పప్పన్నం మెత్తగా పిసికి, ఇంత నెయ్యి కూడా వేసి మరీ పెట్టింది. మర్నాటికి నీళ్ళు కుడితిలా అయ్యాయి. చేపలు వెల్లకిలా తేలాయి. పన్నెండేళ్ళ పిల్ల ఆ రోజు ఏడ్చిన ఏడుపు సెమిలిగుడ జంక్షన్‌లో లారీలవాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది.

ఇప్పుడు తొట్టి మళ్ళీ నిండింది. మధ్యలో అద్దం అడ్డుపెట్టి రెండు గదులు చేశారు. ఒక గదిలో నాలుగు నల్ల మోలీలు, ఒళ్ళంతా కాటుక పూసుకున్నట్టు ఉంటాయి. రెండో గదిలో ఒకే ఒక్క ఫైటర్ చేప. పక్కన ఇంకో చేపను పెడితే చీల్చి పెడతాడు గనక వాడికి ఒంటరి కాపురం. ఎర్రగా నిగనిగలాడుతూ, పట్టుచీర కుచ్చిళ్ళలాంటి తోక ఊపుకుంటూ తిరుగుతాడు. అమూల్య వాడికి మిరపకాయ అని పేరు పెట్టుకుంది. ఈ కొండల చలి పడదని నీళ్ళలో సన్నటి హీటరు కడ్డీ కూడా ఉంది. బంగారమ్మకు మోకాళ్ళ నొప్పులకు వేన్నీళ్ళ సంచీ కొనమంటే మూడు వారాలు మరిచిపోయిన కొడుకు, చేపల హీటరు మాత్రం ఆ సాయంత్రమే తెచ్చాడు.

కార్తీక పున్నమికి ముందు కోడలు వీణ అన్నగారు టికిరిలో గృహప్రవేశం పెట్టుకున్నాడు. కొడుకూ కోడలూ మనవరాలూ నాలుగు రోజులకు బయల్దేరారు. పొద్దున్నే దీపాలు పెట్టాలి, మోకాళ్ళు బస్సు కుదుపులు ఓర్చుకోవు అని బంగారమ్మ ఉండిపోయింది.

"తొట్టి సుభశ్రీ ఆంటీ ఇంట్లో పెడదాం నాన్నా," అంది అమూల్య, చెప్పులేసుకుంటూ.

బంగారమ్మకు చివుక్కుమంది. "ఏటే అమ్మీ, నాను సచ్చిపోయేననుకున్నావేటి? ఇంట్లో మనిషిని ఎట్టుకుని పక్కింటికిస్తావా?"

"నువ్వు పప్పన్నం పెట్టేస్తావు."

"అప్పుడు తెల్దే తల్లీ. ఇప్పుడు సెప్పు, సెప్పినట్టే సేస్తాను."

పిల్ల ఆలోచించింది. తండ్రి బయట హారన్ కొడుతున్నాడు. చివరికి రెండు చిన్న డబ్బాలు తెచ్చి నానమ్మ చేతిలో పెట్టింది. పచ్చమూతది మోలీలకు, ఎర్రమూతది మిరపకాయకు. రోజుకొక్కసారి, మోలీలకు చిటికెడు, వాడికి రెండు ముక్కలు.

"ఈసారి సచ్చిపోతే నీతో ఇంక మాటాడను. ఉత్తినే అనట్లేదు నానమ్మా. నిజంగానే."

ఆ మాట అన్నప్పుడు పిల్ల నవ్వలేదు. 

వాళ్ళటు వెళ్ళగానే పక్కింటి సుభశ్రీ వచ్చింది. ఒడియావాళ్ళమ్మాయి, బంగారమ్మను మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. ఆ రోజు నుంచే పంచుక మొదలు. కార్తీక పున్నమితో ముగిసే ఆ అయిదు రోజులూ ఒడియావాళ్ళు నీచు వాసన కూడా తగలనివ్వరు. కొంగలు సైతం చేపల జోలికి వెళ్ళవని వాళ్ళ నమ్మకం. బంగారమ్మ పుట్టింది శ్రీకాకుళం సముద్రపొడ్డున, చేప లేకపోతే అన్నం దిగని ఇంట్లో. కానీ కాపురానికి కోరాపుట్ వచ్చి నలభై ఏళ్ళు దాటింది. కార్తీక సోమవారాలు పుట్టింటివీ, పంచుక ఇక్కడిదీ, రెండూ ఆవిడవే అయిపోయాయి.

సుభశ్రీ తులసికోట ముందు వేసిన రంగుల ముగ్గు చూడమని పిలవడానికి వచ్చి, బల్లమీది ఎర్రమూత డబ్బా తిప్పి చదివింది. చదివి ముక్కు మూసుకుంది.

"అయ్యో మావుసీ! ఇందులో ఏటుందో తెలుసా? ఎండు పురుగులు, రొయ్యల పొడి! దీపం పక్కన ఎట్టేవు?"

"ఛీ ఛీ! మరి పచ్చదో?"

"ఇది నాచు. పరవాలేదు."

బంగారమ్మ ఎర్రడబ్బాను కాగితంలో చుట్టి, పెరటి గోడమీద పెట్టి వచ్చి కాళ్ళు కడుక్కుంది. అయిదు రోజులు మిరపకాయ కూడా నీచు మానితే ఏమవుతుంది? ఊరంతా మానింది, వాడికొచ్చిన నష్టమేమిటి? అలాగని పస్తుంచే మనిషి కాదు గదా ఆవిడ! పచ్చి బఠాణీలు ఉడకబెట్టి, తొక్క తీసి, మెదిపి, కాసిన్ని రెండు గదుల్లోనూ వేసింది.

మోలీలకు పండగే అయింది. నలుగురూ బఠాణీ ముద్ద చుట్టూ మూగి పీక్కుతిన్నారు. మిరపకాయ మాత్రం వచ్చాడు, నోట పెట్టుకున్నాడు, తుప్పున ఊసేశాడు.

"ఏట్రా, ఉప్పు సాల్లేదా?" అంది బంగారమ్మ.

మర్నాడు పాలకూర ఉడికించింది. ఊసేశాడు. గుమ్మడికాయ పెట్టింది. దానివైపు చూడనే లేదు. సాయంత్రం ఫోనులో అమూల్య "తిన్నాడా నానమ్మా?" అంటే, "నలుగురూ శుభ్రంగా తిన్నారే," అని మోలీల సంగతి చెప్పి, దీపాలకు వేళయిందని పెట్టేసింది. అబద్ధమాడలేదు. అయినా ఆవిడకు అన్నం సయించలేదు.

మూడోరోజు పొద్దున్న వాడి గదిలో నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. తినకుండా వదిలిన ముక్కలు అడుగున కుళ్ళుతున్నాయి. మిరపకాయ కుచ్చిళ్ళన్నీ ముడుచుకుని ఒక మూల ఆనుకుని ఉన్నాడు. అద్దం మీద వేలు పెడితే ఎగిరి మీదకొచ్చేవాడు, ఇప్పుడు కన్ను తిప్పి ఊరుకున్నాడు.  బంగారమ్మ చీర మార్చుకుని ఆటో ఎక్కి, జంక్షన్ దగ్గర పెంపుడు చేపలు అమ్మే మనోరంజన్ కొట్టుకు వెళ్ళింది.

మనోరంజన్ అంతా విని అడిగాడు. "బఠాణీ పెట్టేవా మావుసీ? ఫైటర్‌కా?"

"నల్లవి తిన్నాయి గదా, బాబూ."

"మోలీ గడ్డీ గాదం తింటాది, మేకలాగ. ఫైటర్ పులి. పులికి పాలకూర పెడితే తింటాదా?" అని కొట్లో ఉన్న ఇంకో ఫైటర్ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. "వీడి నోరు సూడు. పైకి తిరిగుంది. నీళ్ళమీద వాలిన పురుగుని పట్టుకోడానికే ఆ నోరు."

బంగారమ్మ చూసింది. నిజమే. ఒడ్డున పుట్టిన మనిషి, ఎన్ని వేల చేపలు కోసిందో లెక్కలేదు. నోరు కిందికుంటే బురద తింటుందనీ, పళ్ళుంటే సాటి చేపను తింటుందనీ పదేళ్ళకే తెలుసు ఆవిడకు. కూరలోకి వచ్చేదాన్ని చూసిన కన్ను, ఇంట్లో పెంచేదాన్ని చూడలేదు.

"నీచు లేని తిండేదైనా ఇయ్యి బాబూ. పంచుక గదా."

మనోరంజన్ పగలబడి నవ్వాడు. "నానూ పంచుక చేస్తున్నాను మావుసీ. చేపలకి చెయ్యమని ఎవరు చెప్పేరు? ఇంటికెళ్ళి నీళ్ళు సగం మార్చు, రెండు పురుగులెయ్యి. ఇంకా ఆలస్యం చేస్తే నాను చెప్పలేను."

ఆటోలో తిరిగొస్తూ బంగారమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్ళలో ఒక్క పంచుక కూడా తప్పలేదు. ఈ పంచుక ఇంకా రెండు రోజులుంది.

ఎందుకు గుర్తొచ్చిందో ఏమో, అత్తగారు బుల్లమ్మ గుర్తొచ్చింది. కొడుకు పుట్టింది కార్తీకంలోనే, సముద్రపొడ్డున పుట్టింట్లో; పురిటికి తోడుగా బుల్లమ్మ కూడా అక్కడే ఉంది. పదకొండో రోజుకీ బంగారమ్మకు పాలు పడలేదు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కార్తీకం నెల్లాళ్ళూ ఉల్లిపాయ కూడా ముట్టని బుల్లమ్మ, తడి చీరతో ఒడ్డుకెళ్ళి, పాలు పడతాయని పిల్లసొర చేప కొనుక్కొచ్చింది. పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, తనే సొరపుట్టు వండి, తనే కలిపి నోట్లో పెట్టింది. "నీ నేమం ఏటయిపోతాదత్తా?" అని బంగారమ్మ ఏడిస్తే, "నేమం నాది. పాలు పిల్లడివి. నోరు తెరు," అంది. తరవాత నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన పోసుకుని, వణుకుతూ దీపం పెట్టుకుంది.

ఇల్లు చేరగానే బంగారమ్మ పెరటి గోడ దగ్గరికి వెళ్ళి డబ్బా తీసింది. అమూల్య పట్టి ఉంచిన బకెట్టు నీళ్ళున్నాయి. చిన్న గ్లాసుతో పాత నీళ్ళు సగం తోడింది. కుళ్ళిన ముక్కలన్నీ గంటెతో ఏరింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నా కొత్త నీళ్ళు గోడ వెంబడి మెల్లగా పోసింది. మూత తీస్తే ఎండు రొయ్యల కమ్మటి వాసన గుప్పుమంది. పంచుకలో నోరూరినందుకు లెంపలేసుకుంది. రెండంటే రెండు ఎర్రటి పురుగులు వేళ్ళతో పట్టి నీళ్ళమీద వదిలింది.

మిరపకాయ కదల్లేదు.

"తినరా నాయనా. నీకు తప్పులేదు. నాదే తప్పు."

చాలాసేపు అలా నుంచునే ఉంది. పురుగులు తడిసి బరువెక్కాయి. ఒకటి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పుడు మూలనుంచి ఎర్రటి మెరుపొకటి లేచి దాన్ని అందుకుంది. ఊసేస్తాడేమోనని బంగారమ్మ తొట్టికి ముఖం ఆనించి చూసింది. వాడు రెండుసార్లు దవడలాడించాడు, మింగాడు, రెండోదాని కోసం పైకెళ్ళాడు.

బంగారమ్మ స్నానం చేసి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"తిన్నాడా నానమ్మా?"

ఈసారి బంగారమ్మ దీపాల వంక పెట్టలేదు. "అమ్మీ, నీకో మాట సెప్పాలి. కోప్పడు, తిట్టు, ఫోను మాత్రం పెట్టేయకు." అని మొదలుపెట్టి బఠాణీలు, పాలకూర, గుమ్మడికాయ, పులి, అన్నీ చెప్పేసింది. "రెండ్రోజులూ పస్తే. నీతో సెప్పనేదు. ఇప్పుడే రెండు పురుగులు తిన్నాడు. నీళ్ళు మార్సేను."

 అవతల గృహప్రవేశం ఇంట్లో ఎవరో గిన్నెలు తోముతున్న శబ్దం వినిపిస్తోంది.

"అమ్మీ? ఉన్నావా?"

"తోక విప్పేడా?" అంది అమూల్య.

బంగారమ్మ ఫోను పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. "సగం విప్పేడు."

"సగమా... వాసన కొట్టినా పరవాలేదా నీకు? దీపాలు పెడతావు గదా?"

"మళ్ళీ తానం సేస్తాను. ఎన్నిసార్లైనా సేస్తాను."

పిల్ల ముక్కు ఎగబీల్చింది. "అయితే రేపు పొద్దున్న రెండే. ఆకలేసిందని ఎక్కువెయ్యకు, ఉబ్బిపోతాడు. వేసి ఫోన్ చెయ్యి. నాకే చెయ్యి, అమ్మకి కాదు."

"రెండే. నీకే సేస్తాను," అంది బంగారమ్మ, తలూపుతూ.