రాలని జుట్టు

చెవుల వెనకే మొదట చిక్కు పడుతుంది. తర్వాత చంకల్లో, ఆపైన మెడపట్టీ కింద. పైపైన చెయ్యేస్తే ఏమీ తెలియదు, పట్టుకుచ్చులా మెత్తగానే ఉంటుంది. పాయ తీసి చర్మం దాకా చూస్తేనే లోపల ఉండ కట్టిన సంగతి బయటపడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే టీనీళ్ళు పొయ్యి మీద పెట్టి, వంటింటి గుమ్మంలో చతికిలబడి, ఇనప దువ్వెనతో పీచుకి తల దువ్వేదాన్ని. తల అంటే తలొక్కటే కాదు, తోక కొస దాకా.

పీచు మా కుక్క. లాబ్రడార్ తల్లికీ పూడుల్ తండ్రికీ పుట్టింది. లాబ్రడూడుల్ అంటారు. మీగడ రంగు. వచ్చిన రోజున గిన్నెలు తోముకునే పీచులా కనిపించి ఆ పేరు నోటికొచ్చేసింది. మా ఆయన పెట్టిన పేరు వేరే ఉంది, నోరు తిరగని పేరు, కాగితాల్లో అదే ఉంటుంది. ఆ పేరుకి అది ఏనాడూ పలికిన పాపాన పోలేదు.

"జుట్టు రాలని జాతి. నీకు పనే ఉండదు" అన్నాడు మా ఆయన, దాన్ని తెచ్చిన అట్టపెట్టె నేల మీద పెడుతూ. ఆరేళ్ళ కిందటి మాట. రాలదన్నది నిజమే. రాలాల్సిన వెంట్రుక నేల మీద పడకుండా పక్క వెంట్రుకని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ఎవరో ఒకరు రోజూ అరగంట కూర్చుని దువ్వితే ఇల్లు అద్దంలా ఉంటుంది. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మా ఇంట్లో ఎప్పుడూ చర్చకి రాలేదు. మా అత్తయ్య కుర్చీలోంచి చూస్తూ, "జడ కూడా వెయ్యవే, పెళ్ళిచూపులకి పంపుదాం" అనేది. "దీనికి తీరుతుంది గానీ నా మోకాళ్ళకి నూనె రాయడానికి తీరదు" అని కూడా అనేది, రెండో మోకాలికి నాచేత రాయించుకుంటూనే. మాటలో ఏదో ముల్లు ఉండేది. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

నేను పనిచేసేది పెంపుడు జంతువుల ఆసుపత్రిలో. ఫోన్లు ఎత్తడం, పేర్లు రాసుకోవడం, వెనక గదిలో బల్ల మీద కుక్కలకి జుట్టు కత్తిరించడం. మా ఆయన తన ఆఫీసులో "మా ఆవిడ ఆసుపత్రిలో చేస్తుంది" అంటాడు. ఏ ఆసుపత్రో చెప్పడు. రోజుకి నలుగురైదుగురు ఫోన్ చేసి ఈ పూడుల్ సంకరాల గురించే అడుగుతారు. "కాకపూ అంటే కాకి పువ్వా అండీ?" అని ఒకాయన అడిగితే, పక్కనుంచి మా డాక్టరమ్మ "కాకీ కాదు, పువ్వూ కాదు, గంటసేపు ఒంటరిగా వదిలితే తలుపు గీకి పారేసే బొచ్చు భూతమని చెప్పు" అంది. నేను కాస్త మర్యాదగా చెబుతాను. కాకర్ స్పానియల్‌కీ పూడుల్‌కీ పుట్టే కాకపూ మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుంది, ఒంటరితనానికి ఓర్వదు. కవలియర్ జాతి తల్లికి పుట్టే కవపూ ఒళ్ళో ఇమిడిపోతుంది కానీ తల్లి వైపునుంచి గుండెజబ్బు రావచ్చు, తెచ్చుకునే ముందు తల్లికి పరీక్ష చేయించారేమో కనుక్కోండి. గోల్డెన్‌డూడుల్‌ని బొమ్మలా ఉందని తెచ్చుకుంటారు, ఏడాది తిరిగేసరికి సోఫా అంతవుతుంది. లాబ్రడూడుల్‌కి రోజూ గంట నడక లేకపోతే ఇంట్లో చెప్పులు మిగలవు. ఒకే కాన్పులో నాలుగు పుడితే నాలుగూ నాలుగు రకాలు, ఏది ఎవరి జుట్టు తెచ్చుకుంటుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. అంతా విని చివరికి అందరూ అడిగేది ఒక్కటే, పని ఎక్కువుంటుందా అని. అడిగినది మగగొంతయితే, ఇంట్లో ఎవరు చూసుకుంటారని నేను తిరిగి అడుగుతాను. "మా ఆవిడ ఉంటుందిగా" అంటారు. ఉంటుంది అనే మాటలో ఎంత చాకిరీ ఇముడుతుందో వాళ్ళకి తెలియదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పీచు లేదు. పిలిచాను. గోళ్ళ చప్పుడు లేదు. వంటింట్లో దాని గిన్నె శుభ్రంగా కడిగి గట్టు మీద బోర్లించి ఉంది. పదకొండేళ్ళ కాపురంలో మా ఆయన తన కాఫీ కప్పు కడుక్కుని ఎరగడు. ఆ బోర్లించిన గిన్నె చేతిలోకి తీసుకుని ముందు గదిలోకి వెళ్ళాను.

"పెద్దసారుకి ఇచ్చేశాను" అన్నాడు మా ఆయన పేపరు మడుస్తూ. పెద్దసారంటే వాళ్ళ ఆఫీసులో అందరికీ పైన ఉండే ఆయన. కిందటి నెల భార్య పుట్టింటికి వెళ్ళినప్పుడు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఆ పిల్ల పీచు మెడ వదల్లేదు. "పాప ఎంత ముచ్చటపడిందో చూశావుగా. ఆయనే నోరు తెరిచి అడిగాడు. కాదంటే బాగుంటుందా?"

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే ఏడుస్తావు. అందుకే నువ్వు లేనప్పుడు పంపించేశా. కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుందాంలే."

ఇంకోటి. ఆ మాట ఇంతకుముందొకసారి విన్నాను. అదే గొంతుతో, చివర అదే 'లే'తో. అప్పుడు నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఎనిమిదో నెల. లోపల గుండె చప్పుడు వినబడటం లేదని పొద్దున చెప్పి, సాయంత్రానికి నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. మందుల మత్తులో కళ్ళు మూతలు పడుతున్నా ఒక్క మాట మాత్రం స్పష్టంగా అడిగాను, ఒకసారి చూపించండి అని. మా ఆయన నర్సుకి చెప్పొస్తానని బయటికి వెళ్ళాడు. వచ్చి నా తల నిమిరాడు. "పంపించేశాం. చూస్తే మర్చిపోలేవు. చిన్నదానివే కదా, ఇంకోటి పుడుతుందిలే" అన్నాడు. ఆడపిల్ల అని అప్పటికి విన్నాను, అంతకంటే ఏమీ తెలియదు. నాలుగు నెలల తర్వాత ఈ అట్టపెట్టె తెచ్చాడు. నీకు కాస్త పొద్దుపోతుంది అన్నాడు. మన భాషలో కూతురినీ కుక్కనీ ఒకే మాటతో అనొచ్చు, అది అని. ముద్దుగా అనొచ్చు, తీసిపారేసీ అనొచ్చు. ఆ రెండింటికీ తేడా గొంతులోనే ఉంటుంది. నాకు పుట్టిన అదీ, నేను పెంచిన అదీ, రెండూ నేను చూడకుండానే నా ఇంట్లోంచి వెళ్ళిపోయాయి.

మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున లేచి దువ్వెన చేతిలోకి తీసుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. టీనీళ్ళు మరిగి ఇగిరిపోయేవి. "కుక్కకి ఇంత ఏడుపా, ఆనాడు ఈ కన్నీళ్ళు ఎక్కడికి పోయాయో" అంది ఒకరోజు అత్తయ్య. నాకు అర్థం కాలేదు. ఆనాడు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడిచాను, ఆవిడకి వినబడకూడదని. మా ఆయన మాత్రం, "వాళ్ళింటికి వెళ్ళి నా పరువు తియ్యకు" అని రెండుసార్లు చెప్పాడు.

నేను వెళ్ళలేదు. వాళ్ళే వచ్చారు. నాలుగో సోమవారం ఒకావిడ తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని ఆపసోపాలు పడుతూ మా ఆసుపత్రిలోకి వచ్చింది. తాడుకి ఆ చివర పీచు. ఎగరలేదు, అరవలేదు. నేరుగా వచ్చి నా పాదం మీద కూర్చుని, తన బరువంతా నా కాలికి ఆనించింది.

"టీకాల పుస్తకం మీద మీ ముద్ర ఉంటే తీసుకొచ్చానండీ. తిండి ముట్టడం లేదు. చెవి దగ్గర ఒకటే వాసన" అంది ఆవిడ. పెద్దసారు భార్య. నన్నెప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఏమీ చెప్పొద్దన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను. డాక్టరమ్మ చెవిలో దీపం వేసి చూసి, మందు రాసింది.

జుట్టంతా చర్మానికి అంటుకుని చాపలా అల్లుకుపోయింది. దువ్వెన పళ్ళు దిగే చోటు లేదు. ఒక చోట పైకెత్తి చూస్తే కింద ఒళ్ళు ఎర్రగా కమిలిపోయింది. మొత్తం తీసెయ్యడం తప్ప దారి లేదు. బల్ల మీదికెక్కించి, నేనే మిషను పట్టుకున్నాను. ఆవిడ పీచు తల పట్టుకుని నిలబడింది.

"రోజూ దువ్వాలని నాకెవరూ చెప్పలేదండీ. జుట్టు రాలదు, నీకు పనే ఉండదు అన్నారు మావారు. పాప నాలుగు రోజులు ఆడుకుంది, తర్వాత నా మెడకే చుట్టుకుంది. పొద్దున లేస్తే మామగారి మందులు, పాప బడి, ఆయన చొక్కాలు. దీన్ని చూస్తే జాలేస్తుంది, నన్ను నేను చూసుకుంటే ఏడుపొస్తుంది." పీచు తల విడిపించుకుంటే వదిలేస్తూ అంది, "ఇచ్చినాయన మావారి కింద పనిచేస్తాడు. వాళ్ళావిడకి ఇదంటే బొత్తిగా పడదట. చాకిరీ నావల్ల కాదు, ఎవరికైనా ఇచ్చెయ్యమని రోజూ పోరుపెట్టిందట. ఆరేళ్ళు పెంచి ఎలా మనసొప్పిందో ఆవిడకి."

మిషను చేతిలో ఊరికే తిరుగుతోంది. ఆపేశాను.

"ఆ ఆవిడ నేనేనండీ."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత ఇందాక అది కూర్చున్న నా పాదం వైపు, నా మోచేతిలో తల దూర్చేసిన పీచు వైపు. "మీరు ఇమ్మన్లేదా?" అంది.

"నేను ఇంట్లో లేను."

పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "తీసుకెళ్ళిపోండి. మావారికీ పాపకీ నేను చెప్పుకుంటాను" అంది నెమ్మదిగా. సరే అనడానికి నా నోరు తెరుచుకుంది కూడా. కానీ ఏ ఇంటికి తీసుకెళ్ళను? రేపు మరొకరు ముచ్చటపడితే మళ్ళీ కడిగిన గిన్నె కనిపించే ఇంటికా? "కొన్నాళ్ళు మీ దగ్గరే ఉండనివ్వండి. నాకంటూ ఒక తలుపు దొరికాక వచ్చి తీసుకెళ్తాను" అన్నాను. ఆ మాట ఆవిడ విన్నప్పుడే నేనూ విన్నాను. అప్పటిదాకా నేనేదీ నిర్ణయించుకున్నట్టు నాకే తెలియదు.

ఒళ్ళంతా గొరిగాక పీచు ఇంత బక్కదా అనిపించింది. గులాబీరంగు చర్మంతో వణుకుతోంది. మెడ మీద చిన్న తువ్వాలు కప్పి పంపాను. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసింది, నేనూ వస్తాననుకుని. ఆవిడ పిలిచింది. ఇంకాసేపు చూసి, వెళ్ళింది.

నేలంతా ఊడుస్తుంటే ఆవిడ మాటే చెవిలో తిరిగింది. నేను అనని మాటని నేనన్నానని చెప్పాడు మా ఆయన. అంత తేలిగ్గా చెప్పగలిగినవాడు ఇంతకుముందు ఇంకెక్కడ, ఇంకెవరితో చెప్పి ఉంటాడు?

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆయన ఎదురొచ్చాడు. "పెద్దసారు పిలిచి చీవాట్లు పెట్టాడు. వాళ్ళావిడతో ఏం వాగావు?"

"ఆ రోజు ఆసుపత్రిలో నర్సుతో ఏం చెప్పారు?"

"ఏ రోజు?"

ఏదో ఒక అబద్ధం వింటాననుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. ఏ రోజు అంటాడనుకోలేదు. ఆరేళ్ళలో నాకు ఒక్కటే రోజు ఉంది.

కుర్చీలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "నువ్వు చూడనన్నావని చెప్పాడమ్మాయ్."

"ఎవరికి?"

"నర్సుకి. నాకూ. గుడ్డలో చుట్టి తెచ్చి తల్లికి చూపిస్తామంటే, వద్దు, తను చూడనంటోంది అన్నాడు. నా చేతుల్లో పెట్టారు. నేను చూశాను, వాడూ చూశాడు." ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "కన్నబిడ్డ మొహం చూడనన్న మనిషి అని ఇన్నాళ్ళూ నీ మీద… నువ్వు అడిగావా?"

"అడిగాను అత్తయ్యా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "పెదాలు నీవే" అంది.

"నీ మంచికే చేశాను" అన్నాడు మా ఆయన. గొంతు పెరగలేదు, చెదిరింది. "నేనెంత నలిగానో ఎవరైనా అడిగారా? ఇప్పుడవన్నీ తవ్వి ఏం చేస్తారు?" ఆయన కూడా నలిగి ఉంటాడు. కాదనను. కానీ ఆయన నలిగింది చూశాక. నేను నలిగింది చూడక.

మర్నాడు డాక్టరమ్మని సెలవడిగాను. ఆసుపత్రి మేడ మీద మందుల పెట్టెలు పెట్టుకునే గది ఖాళీ చేయిస్తే ఉంటానని కూడా అడిగాను. "కుక్కతోనా, కుక్క లేకుండానా?" అంది. "ముందు నేను. తర్వాత అది" అన్నాను. తాళంచెవి బల్ల మీద పెట్టి తన పనిలో పడిపోయింది.

నేను కాన్పయిన ఆసుపత్రిలో రికార్డుల గది అడుగు అంతస్తులో ఉంది. గుమాస్తా ఒక పెద్దావిడ. తేదీ చెప్పాను. అరగంట వెతికి పాత పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చదివింది. ఆడశిశువు. ఖననం ఆసుపత్రి తరఫున. శ్మశానంలో పిల్లల వరస, పదిహేడు. ఆ తర్వాతి గడి దగ్గర ఆవిడ వేలు ఆగింది, పైకి చదవలేదు. నేనే వంగి చదువుకున్నాను. తల్లికి చూపించారా? లేదు. తల్లి చూడడానికి ఇష్టపడలేదు. పక్కన మా ఆయన సంతకం.

"ఇది తప్పండీ. దిద్దాలి" అన్నాను.

"రాసింది కొట్టెయ్యడం కుదరదమ్మా" అంది ఆవిడ. నా మొహం చూసి, "కావాలంటే ఒక కాగితం జతపరుస్తాను. ఎప్పటికీ దీంతోనే ఉంటుంది" అని తెల్లకాగితం, పెన్నూ ఇచ్చింది.

చాలా రాయాలనుకున్నాను. చివరికి ఒక్క వాక్యమే రాశాను, నేను చూస్తానని అడిగాను అని. కింద సంతకం పెట్టాను. బిడ్డకి ఏమవుతారో కూడా రాయాలని ఆవిడ వేలితో చూపించింది. ఆరేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. పెన్ను కాగితం మీద పెట్టి, తొందరపడకుండా, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దుతూ రాశాను. తల్లి.