సముద్రం రంగు పడవ

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా ఆయన. పడవ రంగు మార్చాలన్నాడు, మార్చాలంతే.

మాది పసుపు రంగు ఫైబర్ పడవ. అన్నదమ్ములిద్దరూ కలిసి కొనుక్కున్నారు. మొన్నటి తుఫానుకు ముందు, నీళ్లలో వదిలేసిన వలలు తెచ్చేస్తానని మా మరిది ఒక్కడే అందులో వెళ్లాడు. పడవ దొరికింది. మరిది దొరకలేదు.

అప్పటినుంచి మా ఆయన ఒంటరిగా వేటకు వెళుతున్నాడు. సాయంత్రమయ్యేసరికి మా అత్తగారు వెళ్లి ఒడ్డున బోర్లించిన తొట్టి మీద కూర్చునేది. ఆవిడకు చూపు మందగించింది. మనుషులు ఆనరు, రంగులు ఆనుతాయి. నీళ్ల మీద పసుపు కనబడిందంటే చాలు, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి దిగ్గున లేచేది. పడవ ఒడ్డుకు తగిలి మా ఆయన దిగగానే మళ్లీ కూలబడేది. ఒక్క మాట మాట్లాడేది కాదు.

"నా వల్ల కావట్లేదు," అన్నాడు మా ఆయన ఒకరోజు, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి. "రోజూ వాడొచ్చాడని లేస్తుంది. దిగింది నేనని తెలిశాక కూర్చుంటుంది. బతికొచ్చి నేనేదో తప్పు చేసినట్టుంటుంది. ఆ పసుపు కనపడకపోతే లేవడం మానేస్తుంది."

"అమ్మనే ఓసారి అడగొచ్చుగా?"

"ఏమని అడగను? నీ చిన్నకొడుకు పోయాడు, ఇంక లేవకు అని అడగనా?"

చిన్నకొడుకంటే మా అత్తగారికి పంచప్రాణాలు. చేపలో మెత్తటి ముక్క ఎప్పుడూ చిన్నవాడి కంచంలోకే వెళ్లేది. పెద్దవాడు ముళ్లు ఏరుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు.

చేతిలో డబ్బులు అంతంతమాత్రం. రంగుల కొట్లో ఎవరో చెప్పి తెప్పించుకుని వదిలేసిన డబ్బాలు మూలపడి ఉంటే, సగం ధరకిస్తానన్నాడు కొట్టతను. మూత తీస్తే బూడిద కలిసిన నీలం.

"సముద్రం రంగు పడవకి వేస్తారా అన్నా ఎవరైనా?" అని మళ్లీ అతనే నసిగాడు. "రేపు ఇంజనాగిపోతే పక్క పడవోడికి కూడా కనపడవు."

"కనపడకపోతేనే మంచిది," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. చవగ్గా వస్తుందంటే చావునైనా కొనుక్కొస్తావా అని దారిపొడుగునా సాధించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పడవను ఇసకలోకి లాగి దుంగల మీదికి ఎక్కించాం. సబ్బునీళ్లతో ఉప్పంతా కడిగాం. తడి శాండ్ పేపర్‌తో రుద్దుతుంటే నీళ్లు పసుప్పచ్చగా కారాయి. కూలీని పెట్టుకునే స్తోమత లేదు కనుక ఆ కూలీని నేనే. అక్కడక్కడ పొడిగా రుద్దినప్పుడు లేచిన ఫైబర్ దుమ్ము మెడకంటుకుని ఒకటే దురద. గోక్కుంటూ తిట్టాను, తిడుతూ రుద్దాను. పగుళ్లలో పుట్టీ పెట్టి, ఆరాక నున్నగా చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి రోలర్ అందుకున్నాం. మరిది ఎప్పుడూ ఆనుకుని కూర్చునే అంచు దగ్గర మా ఆయన చెయ్యి ఆగిపోయింది. రోలర్ లాక్కుని ఆ ముక్క నేనే వేశాను. కళ్లలో దుమ్ము పడిందని అబద్ధమేమీ ఆడలేదు, గట్టిగానే ఏడ్చాను.

అత్తగారికి మాత్రం పగుళ్లు పూడుస్తున్నామని చెప్పాం.

కొత్త రంగుతో వేటకు వెళ్లిన మొదటి సాయంత్రం నేనూ ఒడ్డుకు వెళ్లాను. పడవ వచ్చింది. ఆవిడ లేవలేదు. మా ఆయన అనుకున్నదే జరిగిందనుకున్నాను. మిగతా పడవల సందట్లోనే అతను దిగి, చేపలు బేరగాడికి అప్పగించి, వల మడుస్తున్నాడు. ఆవిడ ఇంకా నీళ్లకేసే చూస్తోంది. వెలుతురు తగ్గేకొద్దీ తొట్టి మీద కుదురుగా కూర్చోలేకపోయింది. నా కొంగు పట్టుకుంది.

"పెద్దోడింకా రాలేదేమే?"

మా ఆయన విని పరుగున వచ్చాడు. "వచ్చేశానమ్మా. ఇందాకే వచ్చాను. పడవకి రంగు మార్చాం."

ఆవిడ అతని మొహం, భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది.

"ఎందుకు మార్చావురా? అదొక్కటే కదరా నాకు కనపడేది!"

"తమ్ముడి కోసం లేస్తున్నావని..."

"వాడింక రాడని నాకు తెలీదా? కన్నదాన్ని, నాకు తెలీదా? నువ్వైనా వచ్చావని లేచేదాన్నిరా. నువ్వు నేల మీద కాలుపెట్టే దాకా నా ప్రాణంలో ప్రాణం ఉండేది కాదు. దిగావని తెలిశాకే కూర్చునేదాన్ని."

అంత మనిషీ ఇసకలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఇన్నేళ్లూ ఆ తల్లికి తాను లెక్కలో లేననుకుని బతికిన మనిషి.

పసుపు రంగు కొనాలంటే మళ్లీ డబ్బులు కావాలి. డబ్బులు కావాలంటే వేటకు పోవాలి, ఆ పడవలోనే. పోతున్నాడు. అత్తగారు ఇప్పుడు సాయంత్రం దాకా ఆగడం లేదు. అతను వెళ్లిన దగ్గర్నుంచీ నా చెయ్యి పట్టుకుని ఒడ్డునే ఉంటోంది.

"వస్తున్నాడా?" అని అడుగుతుంది.

నేను కళ్లు చికిలించి చూస్తాను. నాకూ నీళ్లే కనబడుతున్నాయి.