ఆరోన్ బండి చప్పుడు

రూతమ్మకు కావలసింది ఒక్కటే. పెరట్లో పడి ఉన్న ముక్కు లారీ ఒక్కసారి స్టార్ట్ కావాలి. దాని చప్పుడు తన చెవిన పడాలి. ఆ తర్వాత దాన్ని ఎవరు పట్టుకుపోయినా సరే.

పట్టుకుపోయేవాళ్లు ఇప్పటికే ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు కొత్తగా కాఫీ షాపు పెడుతున్న కుర్రాళ్లు. లారీకి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కునూ గుండ్రటి దీపాలనూ చూసి మురిసిపోయారు. ఫోటోలు దిగారు. బంపరు మీద కాలు పెట్టి ఇంకొన్ని దిగారు. "ఇంజన్ మాకు అక్కర్లేదండీ. అది తీసేసి ఆ చోట్లో కాఫీ మిషన్ పెడతాం," అన్నాడు వాళ్లలో ఒక బెజవాడ అబ్బాయి ఎంతో మర్యాదగా. గుండెకాయ తీసేస్తామని ఇంత మర్యాదగా చెప్పేవాణ్ణి రూతమ్మ అంతకుముందు చూడలేదు. మజ్జిగ ఇచ్చి పంపించింది.

లారీని ఉంచుకునే దారి కూడా లేదు. నల్లగండ్లలో ఆ ఇంటికి మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు లేచాయి. నాలుగో పక్కన రోడ్డు. కూతురు కరుణ, తను ఎంతో ఆలోచించుకుని ఇంటి స్థలం బిల్డరుకు ఇచ్చేశారు. దసరా వెళ్లగానే పాత ఇల్లు పడగొడతారు. ఉండటానికి లింగంపల్లిలో కిరాయి ఇల్లు మాట్లాడుకున్నారు. ఆ ఇంటి ముందు కరుణ స్కూటీ పెట్టుకోవడానికే చోటు చాలదు.

లారీ రూతమ్మ భర్త ఆరోన్‌ది. పెళ్లినాటికే అది పాతబండి. హైటెక్ సిటీలో సగం అద్దాల మేడల కింద ఆరోన్ తోలిన కంకరే ఉందని రూతమ్మ నమ్మకం. సగం అనేది భార్య లెక్క గానీ, కొంత ఉన్న మాట నిజం. కంకర పనులు తగ్గాక చర్చి సభలకు కుర్చీలూ షామియానాలూ తోలేవాడు. ఆ బండికి ఒక చప్పుడు ఉండేది. లారీలన్నిటికీ ఉండే గుడగుడ సంగతి కాదు చెప్పేది. ఆ గుడగుడ మధ్యలోంచి టక్, టక్, టక్ అని ఇంకొకటి వచ్చేది, ఎవరో గడప బయట నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టు. ఆరోన్ తెల్లవారుజామున బండి తోలుకొచ్చేవాడు. రోడ్డు మీద ఎన్ని లారీలు పోయినా పక్క మీద కదలని రూతమ్మ, మలుపులో ఆ టకటక వినబడగానే లేచిపోయి గేటు తీసేది. తన ఇంటి గేటు ముందు ఆరోన్ హారన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

కరోనా రెండో ఏడు అతన్ని అంబులెన్స్‌లో దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి తేలేదు. అటునుంచి అటే సమాధుల తోటకు. ఆ రోజు రూతమ్మ గేటు బార్లా తీసిపెట్టి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుంది. మనిషి రాడని తెలుసు. తెలిసినంత మాత్రాన ఎదురుచూపు ఆగుతుందా?

తర్వాత బండిని ఎవరూ ముట్టుకోలేదు. పొగగొట్టంలోంచి వాన నీళ్లు దిగి ఇంజన్ బిగుసుకుపోయింది.

ఇల్లు పడగొట్టే సంగతి ఖాయమయ్యాక ఆమె ఎల్లయ్యకు కబురు పెట్టింది. ఎల్లయ్య చిన్నప్పుడు ఆరోన్ దగ్గర క్లీనర్‌గా చేరాడు. తర్వాత బాలానగర్ షెడ్డులో ఇంజన్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఆఫీసు బస్సు నడుపుతున్నాడు. అందులో ఇంజన్ చెడిపోతే కంపెనీవాళ్లే వచ్చి చూసుకుంటారు, ఇతన్ని మూత కూడా ఎత్తనివ్వరు. ఆ దుగ్ధ అతనికి లోపల అలాగే ఉంది. ముక్కు లారీ మూత ఎత్తగానే ముఖం వెలిగిపోయింది.

"వదినా, నిజం జెప్తున్న. ఇది ఇంజన్ కాదు, తుప్పు కుప్ప."

"అయితదా, కాదా?"

"కాక ఏమైతది? జర టైం పడ్తది, అంతే."

"ఒక్కసారి స్టార్టయితె సాలు ఎల్లయ్యా."

"ఒక్కసారి స్టార్టయ్యే ఇంజన్ నేను కట్టను. కడ్తె పదేండ్లు నడిచే ఇంజనే కడ్త. అన్న బండి ఇది. పోయేకాడికి తలెత్తుకోని పోవాలె."

రూతమ్మ ఇంకో మాట చెప్పబోయి మింగేసింది. నాకు నా మనిషి వచ్చే చప్పుడు వినాలని ఉంది అని మరిది వరసయ్యే మగవాడితో ఏ నోటితో చెబుతుంది? చర్చిలో సాక్ష్యం చెప్పమంటేనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి.

ఎల్లయ్య సెలవు రోజుల్లో వచ్చి పని మొదలుపెట్టాడు. మూడు ఇనుప పైపులు నిలబెట్టి, పైన గొలుసు కప్పీ కట్టి, ఇంజన్ను లారీలోంచి బయటికి లేపాడు. అది గాల్లో వేలాడుతూ నల్లటి నూనె కక్కుతుంటే పై అంతస్తుల వాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఒకాయన వాసన వస్తోందని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడట. మర్నాడు ఆయనే కిందికి వచ్చి, వాళ్ల తాతకూ ఇలాంటి లారీ ఉండేదని చెప్పి, పనికి అడ్డం పడుతూ చాలాసేపు నిలబడ్డాడు.

పిస్టన్లు వాటి లైనర్ గొట్టాల్లో అతుక్కుపోయి ఉన్నాయి. డీజిల్ పోసి నానబెట్టి, కర్రదిమ్మ ఆనించి కొట్టి, ఒక్కొక్కటే ఊడబెరికాడు ఎల్లయ్య. క్రాంకు బాలానగర్ లేతు మీదికి పోయి నునుపై వచ్చింది. కొత్త రింగులు, కొత్త బేరింగులు పడ్డాయి. నాజిళ్లు బాగుపడి వచ్చాయి. ఆ పిస్టన్ సైజు ఇప్పుడు ఎవరూ చేయడం లేదని, ఒక సెట్టు కోసం ఎల్లయ్య ఎక్కడెక్కడో ఫోన్లు చేస్తుంటే, పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇంత వెతకరని కరుణ ఆటపట్టించింది.

కరుణ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు వెతకడం ఉద్యోగం కాబట్టి తల్లి ఏదో దాస్తున్న సంగతి ఇట్టే పట్టేసింది. ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి తల్లి చెవి దగ్గర పెట్టింది. అందులో ఏదో ముక్కు లారీ నడుస్తున్న చప్పుడు.

"ఇదే గదా అమ్మా నీకు కావాల్సింది? సేమ్ మోడల్. ఎవరో పంజాబాయన పెట్టిండు."

రూతమ్మ కళ్లు మూసుకుని విన్నది. చివరిదాకా విన్నది.

"ఇది ఎవర్దో," అంది.

"సేమ్ ఇంజన్ అమ్మా!"

"అయితె ఏంది? మీ డాడీ ఇట్ల రాడు."

కరుణ తల్లి భుజం మీద గడ్డం ఆనించి కూర్చుంది. కాసేపయ్యాక, ఎల్లయ్య బాబాయితో నేను చెప్పనా అని అడిగింది. వద్దంటే వద్దని ఒట్టు వేయించుకుంది రూతమ్మ.

పనిలో తానూ ఒక చేయి వేసింది. వాల్వులు నూరే పని ఆమె పట్టుబట్టి తీసుకుంది. వాల్వుకు గరుకు పేస్టు పూసి, చివర రబ్బరు ఉన్న కర్రతో దాన్ని పట్టి, మజ్జిగ చిలికినట్టు రెండు అరచేతుల మధ్య ఇటూ అటూ తిప్పాలి. అది హెడ్డులో తన చోట సరిగ్గా కూర్చునేదాకా తిప్పుతూనే ఉండాలి. ఎల్లయ్య వచ్చి వేలితో తడిమి, "ఇంక జరంత," అనేవాడు. ఆమె మళ్లీ తిప్పేది. డీజిల్ వాసన చేతులకు పట్టుకుని సబ్బుకు లొంగేది కాదు. ఆమెకూ అది పోవాలని లేదు. పెళ్లయిన కొత్తలో ఆ వాసన పడక అన్నం సహించేది కాదు. ఇప్పుడు అన్నం ముద్ద నోటిదాకా వస్తే చేతికి ఆరోన్ వాసన వేస్తోంది. రెండు ముద్దలు ఎక్కువే తింటోంది.

దసరా ముందు ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంజన్ తన చోట్లో కూర్చుని ఉంది. ఎల్లయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. రూతమ్మ లారీ ముక్కు మీద చేయి ఉంచి ప్రార్థన చేసింది. దేవుళ్లందరికీ సిఫారసులు పూర్తయ్యాక ఎల్లయ్య డీజిల్ పైపుల్లో గాలి తీసి, సీటెక్కి, సెల్ఫ్ కొట్టాడు.

ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. తెల్లటి పొగ బాల్కనీల దాకా లేచింది. అంతలోనే ఇంజన్ అందుకుంది. పొగ పలచబడింది. గుడగుడమంటూ ఒక్క తీరుగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా నడుస్తోంది. ఎల్లయ్య రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు. కరుణ చప్పట్లు కొట్టింది. బాల్కనీల్లోంచి కూడా చప్పట్లు.

రూతమ్మ చెవి ఒగ్గి నిలబడింది. వస్తుంది, వేడెక్కాక వస్తుంది అనుకుంది. గుడగుడ వెనకాల, దాని కింద, దాని లోపల వెతికింది. టక్ అని ఒక్కటైనా రాలేదు. కొత్త పెళ్లికొడుకులా హుందాగా నడుస్తోంది బండి. ఇన్నాళ్ల కష్టం పోసి ఇంకెవరి బండినో ఇంటికి తెచ్చుకున్నట్టుంది.

ఎల్లయ్య ఇంజన్ ఆపి దిగివచ్చాడు. "ఏమొదినా, మొకం గట్ల పెట్టినవు? సప్పుడు జూసినవా, పట్టు తీర్గ ఉన్నది."

ఇక ఆమెకు సిగ్గు గుర్తురాలేదు. "ఆ టకటక ఏది ఎల్లయ్యా?"

"అదా!" ఎల్లయ్య గొప్పగా నవ్వాడు. "తీసిపారేసిన. నాలుగో సిలిండర్ టాపిట్ లూజుండె, దానిది ఆ సప్పుడు. అన్న ఉన్నప్పుడు నన్ను దాన్ని ముట్టనియ్యలే. ఒకపాలి నేను చెప్పకుంట బిగిస్తే, తెల్లారి తనే స్పానర్ దీస్కోని మళ్ల లూజు జేసిండు. 'ఇది పోతె నేనొచ్చింది రూతుకు ఎట్ల ఎర్కైతదిరా' అన్నడు. మనిషే లేకపాయె, ఇగ ఎవ్వలకోసం అని..."

మాట సగంలోనే ఆగిపోయింది. తాను ఎవరికోసం బిగించాడో, ఏం బిగించాడో అప్పుడు తెలిసింది ఎల్లయ్యకు. చేతిలో ఉన్న గుడ్డపేలికను ఊరికే పిండుతూ నిలబడ్డాడు.

ఆ చప్పుడు గురించి రూతమ్మ మొగుడితో ఎన్నిసార్లు పోట్లాడిందో! వాడకట్టంతా లేస్తున్నది, చేయించుకోరాదా, ఇంత బద్ధకం ఏంది నీకు అని సాధించేది. చేయిస్తలే, చేయిస్తలే అనేవాడు నవ్వుతూ. బండి జబ్బనుకున్నది ఇన్నేళ్లూ తనను పిలిచిన పిలుపని ఇప్పుడు, అది పోయాక, ఇంకొకరి నోట తెలిసింది. ఆమె అక్కడే, నూనె మరకల నేల మీదే కూలబడి గట్టిగా ఏడ్చింది. కరుణ వచ్చి పక్కన కూర్చుంది. ఎవరూ ఊరుకోమని అనలేదు.

ఏడుపు దానంతట అది తగ్గాక ముఖం తుడుచుకుంది.

"విప్పు," అంది. "మీ అన్న ఎట్ల పెట్టిండో అట్లనే పెట్టు."

ఎల్లయ్యకు ప్రాణం ఉసూరుమంది. అంత నిఖార్సయిన పనిని చేతులారా చెడగొట్టడం అతనికి సామాన్యమైన విషయం కాదు. అయినా పైమూత విప్పి, నాలుగో సిలిండర్ దగ్గర టాపిట్ నట్టు వదులు చేశాడు. మూత బిగించి స్టార్ట్ చేశాడు. టకటకమంది. రూతమ్మ అడ్డంగా తల ఊపింది.

"గంత గాదు. జర తక్కువ."

మళ్లీ విప్పాడు. మళ్లీ బిగించాడు. ఈసారి ఎక్కువ దూరం పోయిందని, ఇంకోసారి దగ్గరికి వచ్చిందని ఆమె చెబుతూ పోయింది. ఉప్పు సరిచూసినట్టు ఎంతో ఓపికగా సరిచూసింది. చివరికి ఒకసారి ఎల్లయ్య స్టార్ట్ చేయగానే ఆమె తల అడ్డంగా ఊపలేదు. కరుణ చేయి గట్టిగా పట్టుకుంది. కరుణ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు నిద్రలో విన్న చప్పుడది.

"మలుపు దాక పోయి మర్లి రా," అంది రూతమ్మ.

లారీ వెళ్లింది. రోడ్డు మీద కార్లు ఆగి దారి ఇచ్చాయి. ఆమె గేటు వేసి, గడియ పెట్టి, లోపలి వైపు నిలబడింది. కరుణ దగ్గరికి రాబోతే చేయి అడ్డం పెట్టింది. కళ్లు మూసుకుంది.

రోడ్డు మీద ఏవేవో బండ్లు పోయాయి. ఆఫీసు బస్సొకటి, నీళ్ల ట్యాంకరొకటి పోయాయి. తర్వాత మలుపు దగ్గర వినబడింది. గుడగుడ, దాని మధ్యలోంచి టక్, టక్, టక్. దగ్గరికి వస్తోంది. చేయి దానంతటదే గడియ మీదికి పోయింది. కళ్లు తెరవకుండానే గడియ తీసింది, గేటు రెక్కలు రెండూ లోపలికి లాగి పక్కకు జరిగింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. లారీ ఆమె పక్కనుంచి లోపలికి వచ్చి ఆగింది. ఇంజన్ ఆగింది.

క్యాబిన్లో సీటు కిర్రుమంది. తలుపు పిడి తిరిగింది.

"దిగకు ఎల్లయ్యా," అంది రూతమ్మ కళ్లు మూసుకునే. "జరసేపు దిగకు."

ఎల్లయ్య దిగలేదు.