గంట కొట్టిందెవరు?

"ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఆ బడి సంగతే తీసెయ్ కౌసల్యా," అన్నారు నా పరిశోధనకు గైడు నరసరాజు గారు.

నాకు ఒళ్లు మండింది. నైజాం కాలంలో చిట్కుల్‌లో ఆడపిల్లలకు బడి ఉండేదని చెప్పే కాగితం ఎక్కడా లేదు. అది పంతొమ్మిది వందల తొంభై మూడు. సంగారెడ్డి కలెక్టరు కచేరీలో పాత రికార్డుల దుమ్మంతా పీల్చినా తుమ్ములే మిగిలాయి. ఆ బడిలో చదివినవాళ్లు నాకు దొరికింది ఇద్దరే. ఒకరు చిట్కుల్‌లో ఫ్యాక్టరీ కార్మికులకు గదులు కిరాయికిచ్చే శివమ్మ. రెండోవారు హమీదున్నీసా. పెళ్లయ్యాక పాతబస్తీలో ఉండి, ఈమధ్యే పటాన్‌చెరు వచ్చి గాజుల దుకాణం పెట్టింది. ఇద్దరి మాటలూ టేపు చేశాను. చదువు చెప్పిన జులేఖా ఉస్తానమ్మ, వరండాలో చాపలు, గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, అన్నీ కలిశాయి. కానీ రోజూ గంట కొట్టింది నేనంటే నేనని ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. ఆ ఒక్క ముక్క దగ్గర మా సారు పట్టుకున్నారు. అది తేలకపోతే నా పరిశోధనలో బడి లేనట్టే.

మర్నాడు గాజుల దుకాణానికి వెళ్లాను. నేను నోరు విప్పేలోపే హమీదున్నీసా, "నా గొంతు జెర ఇనిపియ్యి బేటీ," అని సర్దుకుని కూర్చుంది. తొందరలో క్యాసెట్టు రెండో వైపు పెట్టేశాను.

"గంట నేనే కొడ్తుంటి బిడ్డా. ఇంకొకలను ముట్టనిస్తుంటినా?" అంది టేపులో శివమ్మ.

హమీదున్నీసా దిగ్గున లేచింది. "గిది శివి గొంతు! యా అల్లా, ఇంక బతికే ఉన్నదా? ఝూటీది! యాడున్నది? నడువు!"

అది సంతోషమో కోపమో తెలియలేదు. రెండూ అనుకుంటాను. బురఖా తగిలించుకుని, దుకాణం మూసి ఆటో ఎక్కింది. "గంట అది కొట్టిందట!" అని దారంతా ఆటో అతనికి చెబుతూనే ఉంది. సాక్షులను ఒకచోట కలపకూడదని మా సారు పదేపదే చెప్పారు. అయినా నాకు భలే హుషారుగా ఉంది.

శివమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను రికార్డరు మీట నొక్కాను.

"ఏమే శివీ! గంట నువ్వు కొట్టినవా?"

శివమ్మ చేతిలో చాట ఆగింది. "హమీదా? సచ్చినవనుకున్న గదనే!"

"నీ అబద్ధం తేల్చకుంట ఎట్ల సస్తనే?"

"అబద్ధమేంది? సుత్తె ఎవరి చేతుల ఉండె?"

"నా భుజాల మీద ఎక్కి కొట్టినవు! పొట్టిదానా, నేనెత్తకుంటే నీకు అందుతుండెనా?"

"నేను కొట్టకుంటే మోగుతుండెనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చాట కింద పడింది, బియ్యం ఒలికిపోయాయి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నైట్ డ్యూటీ చేసి పడుకున్న బీహారు కుర్రాడు గదిలోంచి తొంగిచూసి, "క్యా హువా అమ్మా?" అన్నాడు.

"అంత ఎత్తున ఎందుకు కట్టారమ్మా?" అని అడిగాను.

"ఎవరికెరుక? ఉస్తానమ్మ గట్లనే కట్టింది," అంది శివమ్మ. "ఇది రాకుంటే నాకు అందకపోతుండె. గందుకే పొద్దుగాల వీళ్లింటికి ఉరుకుతుంటి. వీళ్లబ్బా వద్దన్నా చెయ్యి పట్టి గుంజుకొస్తుంటి."

"మీ అమ్మ నిన్ను చేన్ల కలుపు తియ్యనీకి తోల్కపోతుంటే నేను అడ్డం నిలబడ్తుంటి," అంది హమీదున్నీసా. "శివి లేకుంటే గంట మోగదని ఏడుస్తుంటి..."

మాట మధ్యలోనే ఆమె శివమ్మ చేతిని పట్టుకుంది.

"శివీ, గందుకేనే ఉస్తానమ్మ గంత మీదికి కట్టింది."

"ఎంత ఉషారుదే ఉస్తానమ్మ!" అని శివమ్మ మళ్లీ నవ్వింది.

నరసరాజు గారు టేపు చివరిదాకా విన్నారు.

"ఆఖర్న ముక్కు చీదింది ఏ సాక్షి?" అని అడిగారు.

"నేనే సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సరే, బడి ఉంచు," అన్నారు.