ఇంటికెళ్లే అక్షరాలు

ఆ బడిలో ఆఖరి గంట కొట్టగానే బోర్డు తుడిచేసే అలవాటు లేదు. అక్షరాలు దిగడానికి రెండు నిమిషాలు ఆగేవాళ్లు. అవి సుద్దపొడి దులుపుకుంటూ ఒక్కొక్కటే దిగి, పిల్లల సంచుల్లో దూరి ఇళ్లకెళ్లేవి. పొద్దున్నే మళ్లీ అదే సంచుల్లో వచ్చేవి. "ఇంట్లో అల్లరి చేయలేదు కదా?" అని మూడో తరగతి టీచరమ్మ హాజరుతో పాటే అడిగేది.

ఈ ఏడాది ఆ టీచరమ్మే ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి స్మార్ట్ బోర్డు సాధించుకొచ్చింది. తెర మీద ఏనుగు పరిగెత్తేది, పాఠం పాట పాడేది. ఇంటిపని ఫోనుకే వెళ్లిపోయేది. ఇంకెందుకని పాత నల్లబల్లను సామాన్ల గదిలో చీపుర్ల వెనక్కి తోయించింది.

రెండు నెలలు గడిచాయి. వచ్చే వారం ఇన్‌స్పెక్టరు సారు వచ్చి ఒక్కొక్కరి చేత చదివిస్తారట. చదవలేని వాళ్లు మళ్లీ రెండో తరగతికే. ఒకసారి చూసుకుందామని టీచరమ్మ బుజ్జిపిట్టను లేపింది. ఇస్త్రీ చేసే ఆమె కూతురు, మాటల పుట్ట. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క ముక్కా చదవలేకపోయింది.

"ఏమ్మా, ఇంట్లో చదవట్లేదా?"

"మా ఇంట్లో ఫోను లేదు టీచర్."

"మరి అక్షరాలు రావట్లేదా?"

"తెర ఆపగానే పోతున్నాయి కదా. ఒక్కటీ దిగట్లేదు."

టీచరమ్మ తెర వైపు తిరిగి చూసింది. రోజూ ఆ తెర ఆపుతున్నది తనే. ఫోనున్న పిల్లలు గడగడా చదువుతుంటే అందరికీ వచ్చేస్తోందనుకుంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే నల్లబల్లను తనే లాక్కొచ్చి తెర పక్కన నిలబెట్టింది. పగలు తెర మీద పాఠం చెప్పేది. సాయంత్రం అదే పాఠం సుద్దతో పెద్దపెద్దగా రాసి, "ముందు ఫోను లేని ఇళ్లకు వెళ్లండర్రా" అని అక్షరాలను బతిమాలేది. అవి బుద్ధిగా విన్నాయి. ఫోను లేని పదకొండుమంది సంచులూ ఉబ్బిపోయాయి.

మూడో రోజు ఇస్త్రీ ఆమె గుమ్మం దగ్గర నిలబడింది, ముఖం చిన్నబుచ్చుకుని.

"వెచ్చగా ఉందని అన్నీ నా బల్ల మీదికే ఎక్కుతున్నాయండీ. చూసుకోక ఒకదాని మీద ఇస్త్రీపెట్టె పెట్టేశాను. పల్చబడిపోయింది."

"పలుకుతోందా?"

"బాగానే పలుకుతోంది."

"అయితే ఏం ఫర్వాలేదు, వెళ్లిరండి."

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు సారు ఒక్కొక్కరినే లేపారు. బుజ్జిపిట్ట పేజీ మధ్యలో ఒక్కచోట ఆగింది, ఊపిరి పీల్చుకుంది, చివరిదాకా చదివేసింది. మిగతా పదిమందీ గట్టెక్కారు. అమ్మయ్య అనుకుంటూ టీచరమ్మ కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్లకో ఆ రోజు టీ వేడిగా ఉండగానే తాగింది.

సాయంత్రం ఫలితం కాగితం మీద తల్లిదండ్రులు సంతకాలు పెట్టాలి. ఇస్త్రీ ఆమె రాగానే టీచరమ్మ అలవాటు కొద్దీ వేలిముద్ర సిరా డబ్బా ముందుకు జరిపింది. ఆమె దాన్ని మెల్లిగా వెనక్కి జరిపింది.

"పెన్నివ్వండి. ఇన్ని రోజులు నా బల్ల మీదే కూర్చున్నాయి, నన్ను మాత్రం ఊరికే వదిలాయా?"

చెయ్యి కొంగుకు తుడుచుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, తన పేరు రాసింది. రెండో అక్షరం కాస్త పల్చగా పడింది.