ఓటిలీ పగలగొట్టిన సీసా

ఈ ఓహాయో రాష్ట్రం మొత్తంలో నోరు తెరిస్తే నిజం తప్ప రాని మనిషిని నేనొక్కణ్ణే. అరవై మూడులో ఊరగాయల ఫ్యాక్టరీ భోజనాల గదిలో ఇద్దరు డాక్టర్లు కాళ్లు మెలివేసుకున్న రోజున నేను ముందు బల్ల దగ్గరే కూర్చున్నాను. కాబట్టి ఇందులో అక్షరం కూడా కల్పన లేదు.

ఆ రోజు జెనోవెఫా పొద్దున్నే మండిపోతూ వచ్చింది. ఊళ్లో అందరూ జెనీ అంటారు. దోసకాయలు సీసాల్లో కూరే బెల్టు దగ్గర ఆమె పక్క చోటు నెల రోజులుగా ఖాళీ. అది ఓటిలీది. పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఇద్దరూ అక్కడ పక్కపక్కనే నిలబడ్డవాళ్లు.

బెల్టు ఆగదు. ఒంటికి వెళ్లాలంటే చెయ్యెత్తాలి. బదులు మనిషి వచ్చి నీ చోట నిలబడ్డాకే కదలాలి. వసంతకాలంలో మేనేజరు ప్రెంటిస్ ఆ బదులు మనిషిని తీసేశాడు. చెయ్యెత్తే పద్ధతి మాత్రం ఉంచాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం ఓటిలీ ఎత్తిన చెయ్యి దించేసి, ఉప్పునీళ్ల సీసా ఒకటి అందుకుని బెల్టు అంచుకేసి కొట్టింది. నడుము నుంచి పాదాల దాకా తడిసిపోయింది. "చెయ్యి జారింది" అంది. అందరూ నమ్మారు. సీసా పగలకముందే నేల తడవడం చూసింది జెనీ ఒక్కతే. మర్నాటి నుంచి ఓటిలీ నడుం నొప్పని రావడం మానేసింది.

ఇక డాక్టర్లు. మందులిచ్చే రకం కాదు, మనుషులు ఎందుకు పని చేస్తారో చదివినవాళ్లు. ఆడవాళ్లలో ఉత్సాహం తగ్గిందని ప్రెంటిస్ వాళ్లను యూనివర్సిటీ నుంచి పిలిపించి, ఆడవాళ్లందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు.

లుండ్ అనే పొడుగాయన నల్లబల్ల మీద మెట్లు గీశాడు. "అడుగు మెట్టు ఒంటి అవసరాలు. దాని మీద భద్రత, ఆ పైన తోడు, ఆ పైన గౌరవం. అన్నిటికన్నా పైన, తను కాగలిగింది కావడం. కింది మెట్టు దాటనిదే పై మెట్టు మీద మనిషికి ఆశ పుట్టదు."

ఫెయిర్‌చైల్డ్ అనే పొట్టాయన పక్కనే రెండు అరలు గీశాడు. "మెట్లూ లేవు, ఏమీ లేవు. ఈ అరలో జీతం, గాలి, మరుగుదొడ్డి. ఇవి లేకపోతే సణుగుతారు. ఉన్నాయని మాత్రం ఎవరూ ఎగబడి పని చెయ్యరు. ఉత్సాహం పుట్టేది రెండో అరలోంచి. మెప్పు, బాధ్యత."

ప్రెంటిస్ ముఖం వెలిగింది. "అయితే మరుగుదొడ్డి గొడవ పెద్దదేం కాదన్నమాట. బాగా పనిచేసినవాళ్లకు ఎప్రన్ మీద పెట్టుకోడానికి బిళ్లలు చేయిస్తాను."

జెనీ చెయ్యెత్తింది.

"అడగమ్మా" అన్నాడు లుండ్.

"అడగడానికి కాదు. ఒంటికెళ్లాలి."

"చూశారా, అడుగు మెట్టు" అన్నాడు లుండ్.

"మొదటి అర" అన్నాడు ఫెయిర్‌చైల్డ్.

ఆపైన ఆమెను వదిలేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. వాదించి వాదించి గొంతులెండి, కెటిల్‌లో కాఫీ మొత్తం ఖాళీ చేశారు. జెనీ చెయ్యి ఇంకా పైనే ఉంది. చివరికి ఆమె దాన్ని దించి, తలుపు దగ్గరికి పోయి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. జెనీ ఆనుకుంటే ఆ తలుపు ఇక గోడే.

కాసేపటికి లుండ్ లేచాడు. "కొంచెం దారివ్వమ్మా."

"చెయ్యెత్తండి సార్."

"ఎందుకూ?"

"మీ బదులు మెట్లు గీసే మనిషి వస్తాడు. వచ్చాక వెళ్దురు గాని."

ఆడవాళ్లెవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి వచ్చి జెనీ పక్కన నిలబడ్డారు. లుండ్ నిజంగానే చెయ్యెత్తాడు. ఫెయిర్‌చైల్డ్ కాళ్లు పలుపుతాళ్లలా పెనవేసుకుపోయాయి.

"పొట్టి సారుకి కాస్త మెప్పు కావాలేమో. బిళ్ల తెప్పించమంటారా?" అంది జెనీ.

"ఉద్యోగం పోతుంది జెనీ. ఇంత చిన్న విషయానికి..." అన్నాడు ప్రెంటిస్.

ఆ మాటతో ఆమెకు ఒళ్లు తెలియలేదు. "చిన్నదా? ఓటిలీ సీసా ఎందుకు పగిలిందో తెలుసా నీకు? బట్టలు తడుపుకుంది. అది కనపడకూడదని ఉప్పునీళ్లు గుమ్మరించుకుంది. పాతికేళ్లు పనిచేసిన మనిషిరా అది."

ప్రెంటిస్ నేల చూశాడు. "రేపటి నుంచి బదులు మనిషి ఉంటుంది."

"రేపటి నుంచి కాదు. ఇప్పట్నుంచి."

ప్రెంటిస్ తల ఊపాడు. గడియ తీస్తే లుండ్ ఎంత వేగంగా పరిగెత్తాడంటే, ఆయన టోపీ ఆయన్ని అందుకోలేక వెనక్కి వచ్చేసింది.

నేను ముందు బల్ల దగ్గర ఉన్నానన్నాను కదూ. లేను. మగవాళ్లను ఆ గదిలోకి పిలవనే లేదు. నేను ఉప్పునీళ్ల తొట్ల దగ్గర కర్రతో కలుపుతున్నాను. తలుపు దగ్గర జెనీ పక్కన నిలబడ్డది మా ఆవిడ. నిజమే చెబుతానన్నాను గాని, కళ్లారా చూసిందే చెబుతానన్నానా?

సాయంత్రం జెనీ గసగసాల రొట్టె పట్టుకుని ఓటిలీ ఇంటికి వెళ్లింది. ఓటిలీ తలుపు తీసి, కూర్చోబెట్టి కాఫీ పోసింది.

"రేపు వచ్చెయ్యవే. బదులు మనిషిని పెట్టారు."

"విన్నాను. ఎలా పెట్టారో కూడా విన్నాను."

"వాళ్లకి బుద్ధి రావాలనే కదా చెప్పాను."

"సీసా ఎందుకు పగలగొట్టాననుకున్నావే? బిగబట్టమంటే రోజంతా బిగబడతాను. ఆ ఒక్క మాట బయటికి రాకపోతే చాలు. ఆ పొడుగాయన గౌరవాన్ని ఎక్కడో పైమెట్టు మీద పెట్టాడటగా. నాకదే అడుగు మెట్టు."

"అయితే నోరు మూసుకుని ఉండాల్సిందా నేను?" జెనీ గొంతు మళ్లీ లేచింది.

"అరవాల్సిందే. కానీ అరవడానికి నీ దగ్గర కోపం ఉంది కదా. నా పేరు ఎందుకు కావాల్సి వచ్చింది?"

జెనీ తిరిగి వస్తూ దారి పొడవునా ప్రెంటిస్‌ను తిట్టింది, డాక్టర్లను తిట్టింది, చివరికి ఓటిలీని కూడా తిట్టింది. కోపం మాత్రం తగ్గలేదు. ఓటిలీ మళ్లీ పనికి రాలేదు, బెల్టు దగ్గర ఆ పక్క చోటులోకి వేరే అమ్మాయి వచ్చింది.

కల్పన అక్షరం కూడా లేదన్నాను. ఒక్కటి ఉంది. లుండ్ టోపీ కాదు, అది కావాలంటే మా ఆవిడను అడగండి. ఓటిలీ తలుపు తీసి కాఫీ పోసిందే, అదీ నేను కలిపింది. ఆమె తలుపు తియ్యలేదు. ఆ మాటలన్నీ లోపలి నుంచే వచ్చాయి. జెనీ రొట్టెను గడప మీద పెట్టేసి వచ్చింది.